రాతి ఇంట్లో మొదలైన తిమ్మిరి

మూడో రోజు పొద్దున మంచం దిగి పాదాలు నేల మీద పెడితే చల్లదనం తెలియలేదు. అంతకు ముందు రెండు రోజులూ ఆ రాతి పలకలు తగలగానే ఒళ్ళు జివ్వుమనేది. ఆ రోజు మాత్రం ఎవరో నాకు తెలియకుండా మందపాటి ఉన్ని మేజోళ్ళు తొడిగినట్టుంది. కాలివేళ్ళ చివర చీమలు పాకుతున్నట్టు తిమ్మిరి. నిన్న కొండ మీద అంత దూరం తిరిగాం కదా, ఆమాత్రం ఉండదా అనుకుని కిందకి వెళ్ళి టీ పెట్టాను.

నా పేరు వసుంధర. ఉండేది కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో లీడ్‌ని, అంటే పక్కవాళ్ళ పనిలో తప్పులు పట్టడానికి జీతం తీసుకుంటాను. ఇంట్లో ఉచితంగానే పడతానని మా ఆయన ప్రసాద్ అంటారు. మాకు ఒక్కతే కూతురు, నిత్య. ఆ ఏడే దాని హైస్కూల్ అయిపోయింది, ఆగస్టులో శాన్ డియేగోకి కాలేజీకి వెళ్ళిపోతుంది. అది వెళ్ళేలోపల ముగ్గురం ఎక్కడైనా ఊరికే కూర్చోవాలని నా కోరిక. మ్యూజియంలు వద్దు, క్రూయిజ్ వద్దు, నాలుగు ఫ్యామిలీలు కలిసి వెళ్ళే ట్రిప్ అసలే వద్దు. మనవాళ్ళతో వెళ్తే రోమ్‌లో కూర్చున్నా ఇళ్ళ రేట్లూ గ్రీన్ కార్డు గొడవలే.

నెట్‌లో వెతగ్గా వెతగ్గా ఇటలీలో ఉంబ్రియా అనే చోట, కొండల మధ్య ఒక రైతు ఇల్లు అద్దెకి దొరికింది. సాదా ఇల్లు, చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు, వైఫై లేదు, ఏసీ లేదు, టీవీ లేదు అని ప్రకటనలోనే రాశారు. మా ఆయన అది చదివి, "ఓసి వీళ్ళ దుంపతెగ! లేనివన్నీ చెప్పి మరీ అద్దె తీసుకుంటున్నారే!" అన్నారు. నేను బుక్ చేసేశాను.

ఆ మొదటి రెండు రోజుల గురించి కొంచెం చెప్పనివ్వండి. తర్వాత ఆస్పత్రిలో నాకు ఉన్న ఆస్తి అంతా అవే.

తారు రోడ్డు అయిపోయాక తెల్లటి గులకరాళ్ళ బాట. అది కూడా అయిపోయే చోట ఇల్లు. గోడలు చెయ్యి పొడవంత మందం. కింద ఒకప్పుడు పశువుల్ని కట్టేవాళ్ళట, ఇప్పుడదే వంటిల్లు. పడక గదులు పైన, వాటికి ఇంటి బయటనుంచి రాతి మెట్లు. తాళాలిచ్చిన రోజెట్టా గారు పక్క కొండ మీద ఉంటారు, డెబ్భై దాటిన మనిషి. ఆవిడకి ఇంగ్లీషు రాదు, మాకు ఇటాలియన్ రాదు. ఇద్దరం ఎవరి భాషలో వాళ్ళం గడగడా మాట్లాడుకునేవాళ్ళం, ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ ప్రాంతంలో రొట్టెలో ఉప్పు వెయ్యరు. మొదటి ముక్క నమిలి నిత్య, "అమ్మా, వీళ్ళు సాల్ట్ మర్చిపోయారు" అంది. మా ఆయన మారు మాట్లాడకుండా సూట్‌కేసు తెరిచి కందిపొడి డబ్బా తీశారు. ఆ ఊరి పచ్చటి ఆలివ్ నూనెలో కందిపొడి కలిపి, చప్పిడి రొట్టె అద్దుకుని తిన్నాం. అబ్బ, ఏం రుచండీ అది! రోజెట్టా గారికి కూడా పెడితే ముందు పొలమారి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, తర్వాత ఇంకో ముక్క తీసుకుని చెయ్యి చాపింది. మధ్యాహ్నాలు మా ఆయన లుంగీ కట్టుకుని అంజూరపు చెట్టు కింద మంచం వేసుకుని గుర్రు పెట్టేవారు. నిత్య ఫోన్ పక్కన పడేసి నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒళ్ళో తల పెట్టడం అంటే అమెరికాలో పిల్లల్ని పెంచినవాళ్ళకి తెలుస్తుంది ఎంత అపురూపమో. నేను కదిలితే లేచి వెళ్ళిపోతుందని కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు. అది మామూలు తిమ్మిరి, లేచి విదిలిస్తే పోయింది.

మూడో రోజు వచ్చింది మాత్రం విదిలిస్తే పోలేదు. సాయంత్రానికి అరికాళ్ళ నిండా పాకింది. నాలుగో రోజు మెట్లెక్కుతుంటే మోకాళ్ళు నా మాట వినడం లేదనిపించి గోడ పట్టుకున్నాను. వెనకాల వస్తున్న నిత్య, "అమ్మా, నీ వాకింగ్ వియర్డ్‌గా ఉంది" అంది. "నీ తెలుగు కంటే నయమే" అన్నాను. నా నోరు ఎప్పుడూ బాగానే పని చేస్తుంది.

మా ఆయన ఊరుకోలేదు. సిగ్నల్ కోసం గులకరాళ్ళ బాట పైదాకా నన్ను నడిపించి రాఘవ బావగారికి స్పీకర్ పెట్టి ఫోన్ చేశారు. బావ అంటే మా అక్క భర్త, గుంటూరులో పిల్లల డాక్టరు. మా చుట్టాల్లో ఎవరికి ఏమొచ్చినా, అది ఏ దేశంలో వచ్చినా, ముందు ఫోన్ వెళ్ళేది ఆయనకే.

"ఏం మరదలా, ఇటలీ వెళ్ళి కూడా కందిపొడేనా?"

"బావగారూ, హాస్యాలు తర్వాత. కాళ్ళు తిమ్మిర్లు. నిన్నటినుంచీ తగ్గట్లేదు."

"ఇంకేముంది, బి ట్వెల్వ్ విటమిన్ లోపం. వెజిటేరియన్లం, మనకి కాకపోతే ఎవరికొస్తుంది? మీ అక్కకి అదే, మా అమ్మకి అదే, సగం గుంటూరుకి అదే. ప్రసాద్, మందుల సంచీ తెచ్చారా?"

తేకుండా ఉంటామా! ఇండియా వెళ్ళినప్పుడల్లా నింపుకుని వచ్చే మందుల సంచీ మా ఇంట్లో పాస్‌పోర్టులతో సమానం. అందులో జ్వరానికి, విరేచనాలకి, దగ్గుకి, తిమ్మిరికి అన్నీ ఉంటాయి. డాక్టరు చుట్టం ఫోన్‌లో, మందుల సంచీ చంకలో ఉంటే మనవాళ్ళకి ప్రపంచంలో ఏ కొండ మీదైనా ధైర్యమే. ఆ రోజు నుంచీ పొద్దునా సాయంత్రం బి ట్వెల్వ్ వేసుకున్నాను. జబ్బుకి పేరు దొరికింది, మందు దొరికింది, ఇక భయమేముంది?

ఐదో రోజు పచ్చడి సీసా మూత తిప్పలేకపోయాను. వేళ్ళలో పట్టు లేదు. రోజెట్టా గారు వచ్చి నన్ను చూసి, ఎండ దెబ్బ అన్నట్టు ఆకాశం చూపించి, ఏదో ఆకు వేసిన నూనె తెచ్చి పిక్కలకి మర్దనా చేసింది. ఎక్కడికెళ్ళినా ఇంటింటికీ ఒక వైద్యం! ఆవిడ చెయ్యి మాత్రం నా కాలికి తగులుతున్నట్టు కళ్ళతో చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది.

"లెట్స్ గో హోమ్" అని పట్టుబట్టింది నిత్యే. పది రోజులకని వెళ్ళినవాళ్ళం ఆరో రోజు సామాను సర్దేశాం. పై గదిలోంచి ఆ బయటి మెట్లు నడిచి దిగలేకపోయాను. కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగాను, చిన్నపిల్లలు దిగినట్టు. నవ్వుతూనే దిగాను. నిత్య ముందు వీడియో తీసింది, సగంలో ఫోన్ దించేసి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం తప్పలేదు అని కార్లో అంటే ఎవరూ నవ్వలేదు.

రోమ్ ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ తీసుకున్నాం. వీల్‌చైర్ అంటే మనకి ఏమిటి? ఇండియానుంచి వచ్చే అమ్మానాన్నలు ఇంగ్లీషుకి ఇబ్బంది పడకుండా, ఇమిగ్రేషన్ దగ్గర తప్పిపోకుండా మనం బుక్ చేసేది. మా అత్తగారు దాంట్లో మహారాణిలా వచ్చి, బయటికి రాగానే దిగి చకచకా నడిచేస్తారు. నేను కూడా శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాక లేచి నడుస్తాననే అనుకున్నాను. విమానంలో బాత్రూమ్‌కి వెళ్దామని సీటులోంచి లేవబోతే తొడలు లేవలేదు. మా ఆయన, నిత్య ఇద్దరూ చెరో చెయ్యి వేసి లేపారు.

దిగిన మర్నాడు దగ్గర్లోని అర్జెంట్ కేర్‌కి, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్‌కి వెళ్ళాం. అక్కడి డాక్టరు లోపలికి రాగానే మేమిద్దరం ఒకే గొంతుతో చెప్పాం: బి ట్వెల్వ్ డెఫిషియన్సీ, మా ఫ్యామిలీలో డాక్టర్ ఉన్నారు, ఆయన చెప్పారు, వెజిటేరియన్లం. ఆయనా తల ఊపాడు. "మేక్స్ సెన్స్" అన్నాడు. రక్తం తీయించి, ఒక ఇంజెక్షన్ ఇచ్చి, రెస్ట్ తీసుకోమన్నాడు. మేం రోగాన్ని పేరుతో సహా పళ్ళెంలో పెట్టి ఇచ్చాం మరి, ఆయన తీసుకున్నాడు.

ఆ మర్నాడు పొద్దున బాత్రూమ్‌లో దువ్వెన చేతిలోంచి జారింది. తీద్దామని వంగితే నేనూ దాని వెంటే కిందకి జారాను. లేవలేకపోయాను. మా ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు, నాకు నిజంగానే ఆడట్లేదు. ఆంబులెన్స్ వచ్చింది.

ఎమర్జెన్సీలో ఒక చిన్నావిడ, జుట్టు పైకి ముడి వేసుకున్న డాక్టరమ్మ వచ్చింది. మా ఆయన మళ్ళీ బి ట్వెల్వ్ పాట అందుకున్నారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "పేరు సంగతి నాకు వదిలెయ్యండి. నిన్న చెయ్యగలిగింది, ఇవాళ చెయ్యలేకపోతున్నది ఏమిటో అది చెప్పండి" అంది.

నేను చెప్పాను. కొండెక్కాను. రెండు రోజులకి గోడ పట్టుకుని మెట్లెక్కాను. ఆ తర్వాత మూత తిప్పలేకపోయాను. కూర్చుని మెట్లు దిగాను. విమానంలో ఇద్దరు లేపితే లేచాను. ఇవాళ పడితే లేవలేకపోయాను. వరసపెట్టి నా నోటితో నేనే చెప్తుంటే, రోజుకో మెట్టు కిందకి జారుతున్నానని నాకే అప్పుడు తెలిసింది. ఇన్ని రోజులూ నేనూ మా ఆయనా పక్కపక్కనే ఉన్నాం, ఒక్కసారి కూడా ఇలా వరసగా చెప్పుకోలేదు. ఆవిడ చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టింది. కాలు కదల్లేదు. రెండో కాలూ అంతే. "ఐయామ్ కాలింగ్ న్యూరాలజీ నౌ" అని బయటికి వెళ్ళింది, నడవలేదు, దాదాపు పరుగెత్తింది.

ఆ రోజే ఎమ్మారై, లంబార్ పంక్చర్. వెన్నులోంచి నీరు తీస్తుంటే నిత్య నా తల పట్టుకుని కూర్చుంది. తర్వాత నర్వ్ కండక్షన్ స్టడీ, నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్ష. న్యూరాలజిస్టు డాక్టర్ లిన్ నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషి. "ఈ మధ్య జ్వరం గానీ కడుపులో ఇబ్బంది గానీ వచ్చిందా?" అని అడిగారు. వచ్చింది. ట్రిప్‌కి రెండు వారాల ముందు జ్వరం, విరేచనాలు. మందుల సంచీతో తగ్గించుకుని మర్చిపోయాను కూడా.

"గియాన్ బారే సిండ్రోమ్, పొట్టిగా జీబీఎస్. మీ ఇమ్యూన్ సిస్టమ్ ఆ ఇన్‌ఫెక్షన్‌తో పోరాడింది. పోరాటం అయిపోయాక ఆగలేదు, మీ నరాల పైపొర మీద పడింది" అన్నారు ఆయన.

"నేను మళ్ళీ నడుస్తానా?"

"చాలామంది నడుస్తారు. ఎప్పుడు అని మాత్రం ఇప్పుడు అడగొద్దు. ముందు ఇది పైకి పాకడం ఆగాలి."

పైకి అంటే ఊపిరి దాకా. అందుకే ఐసీయూలో పెట్టారు. ఐవీఐజీ అనే మందు ఐదు రోజులు చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. రెండు మూడు గంటలకోసారి ఒక రెస్పిరేటరీ థెరపిస్టు వచ్చి గొట్టంలోంచి గాలి పీల్చమనేది. తర్వాత ఒక్క ఊపిరితో అంకెలు లెక్కపెట్టమనేది. తెలుగులో లెక్కపెట్టొచ్చా అని అడిగాను. "నీ ఊపిరి, నీ భాష" అంది. మొదటి రోజు ఇరవై దాటి వెళ్ళాను. మందు పూర్తయిన రోజుకి పది దగ్గరే ఆయాసం వచ్చేస్తోంది. మందు ఎక్కాక తగ్గాలి కదా, పెరుగుతోందేమిటి? ముఖం కూడా వాలింది. కళ్ళు మూసుకోవు, మా ఆయన చుక్కలు వేసి రెప్పలు టేపుతో అంటించేవారు. నోరు వంకరపోయి మాట ముద్దగా వచ్చేది. మింగలేను కాబట్టి తిండికి ముక్కులోంచి ట్యూబు. నా నోటికి సెలవు దొరకడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. మా ఆయన ఆ మాట అని నవ్వబోయి ఏడ్చేశారు.

డాక్టర్ లిన్ ఆయన్ని పక్కకి పిలవకుండా నా ఎదురుగానే చెప్పారు. "ఈ ఊపిరి నంబర్ ఇంకొంచెం పడితే బ్రీతింగ్ ట్యూబ్ వేస్తాం. ఎమర్జెన్సీ అయ్యేదాకా ఆగం. తాత్కాలికమే."

నాకు చచ్చిపోతానని భయం వెయ్యలేదు, నిజం చెప్తున్నాను. ఇలాగే బతుకుతానేమోనని వేసింది. ఒకరు తిప్పితే తిరిగి, ఒకరు తుడిస్తే శుభ్రమై, దాహం అని చెప్పడానికి కూడా ఒకరి మొహంలోకి చూస్తూ. ఎవరూ లేని చోటు కావాలని ఇటలీ దాకా వెళ్ళిన మనిషిని, నిమిషం కూడా ఒంటరిగా ఉండలేని మనిషినయ్యాను.

అప్పుడు ఆ ఇల్లే దిక్కయింది. కళ్ళకి టేపు వేశాక ఆ ఇంట్లోకి వెళ్ళిపోయేదాన్ని. గులకరాళ్ళ బాట మీంచి నడిచి, తలుపు గడియ పైకెత్తి తోసి, వంటింట్లో కిటికీ తీసి, గిన్నెలో నీళ్ళు పెట్టేదాన్ని. మెట్లెక్కేదాన్ని. తొందరేమీ లేదు, ఆగి ఆగి లోయలోకి చూస్తూ ఎక్కేదాన్ని. పాదాల కింద చల్లదనం మొదటి రెండు రోజుల్లో తెలిసినట్టే తెలిసేది. నిత్య రెండో రోజు తీసిన వీడియో ఒకటి ఉంది, పొద్దున టిఫిన్ తింటున్నప్పటిది. అందులో నేను ఏమీ చెయ్యను, బల్ల దగ్గర్నుంచి లేచి ఉప్మా గిన్నె తెచ్చి పెడతాను, అంతే. అది నా చెవి దగ్గర పెట్టి ప్లే చేసేది. పావురాల కువకువ, వాళ్ళ నాన్న ఈల, కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. ఆ చప్పుడు నేను లేచినప్పటిది. ఎన్నిసార్లు పెట్టించుకున్నానో!

ఊపిరి ట్యూబు దాకా రాలేదు. నంబర్ రెండు రోజులు అక్కడే నిలబడింది. డాక్టర్ లిన్ దాన్ని ప్లాటో అన్నారు. కిందకి జారడం ఆగింది, ఇక్కణ్ణుంచి ఎక్కాలి. ఆ వారం చివర్లో నా కుడి కాలి బొటనవేలు కదిలింది. మా ఆయన నర్సుని పిలిచి చూపించారు, డాక్టర్ని పిలిచి చూపించారు, గది తుడవడానికి వచ్చినావిడకి కూడా చూపించారు. నిత్య పుట్టినప్పుడు కూడా ఆయన అంత ప్రచారం చెయ్యలేదు.

నేను ఫోన్ పట్టుకోగలిగిన రోజు రాఘవ బావగారితో మాట్లాడాను. "మరదలా, చూడకుండా పేరు పెట్టేశాను" అన్నారు ఆయన. "మేం అడిగింది పేరే కదా బావగారూ, మీరు పెట్టారు" అన్నాను. ఇద్దరం కాసేపు ముక్కులు చీదుకున్నాం.

తర్వాత రిహాబ్. అక్కడ డెనీస్ అనే ఫిజికల్ థెరపిస్టు. మొదట మంచం అంచున కూర్చోవడం. దానికే చెమటలు. తర్వాత నిలబడటం, తర్వాత రెండు కడ్డీల మధ్య అడుగు. నేను నిలబడ్డ రోజు అద్దంలో నన్ను నేను గుర్తుపట్టలేదు. ఇంత పొడుగా నేను అనిపించింది.

ఆగస్టు వచ్చేసింది. కాలేజీ ఒక ఏడు వాయిదా వేసుకుంటానని నిత్య పేచీ. "నువ్వు నడిచాక వెళ్తా" అంది. నా నోరు అప్పటికి సగం తిరిగి వచ్చింది, ఆ సగంతోనే తిట్టాను. "నా కాళ్ళు నాకు రావడానికి నీ ఏడాది ఎందుకు? నువ్వు నా పక్కన కూర్చుంటే నరాలు గబగబా పెరుగుతాయా?" అన్నాను. మా ఆయన దాన్ని దింపడానికి శాన్ డియేగో వెళ్ళారు. నేను రిహాబ్ కిటికీ దగ్గర వీల్‌చైర్‌లో కూర్చున్నాను. దాని రూము సర్దడం, దుప్పటి పరచడం, వచ్చేటప్పుడు కార్లో ఏడవడం, ఇవన్నీ నేను చెయ్యాల్సినవి. ఆ రోజు కడుపారా ఏడ్చాను. డెనీస్ వచ్చి, "ఇవాళ ఎక్సర్‌సైజ్ వద్దు, ఏడుపు చాలు" అని పక్కన కూర్చుంది.

ఇంటికి వచ్చాక ఇంకో దెబ్బ తిన్నాను. ప్రాజెక్టు డెడ్‌లైన్లకి అలవాటు పడ్డ ప్రాణం కదా, డెనీస్ చెప్పినదానికి రెట్టింపు చేశాను. మా ఆయన కూడా, "కానీ, కానీ, ఇంకో రౌండ్" అని ప్రోత్సాహం. వారం తిరక్కుండా మంచం మీంచి లేవలేనంత నీరసం, కాళ్ళు మళ్ళీ వణుకు. మళ్ళీ మొదటికొచ్చిందని హడలిపోయి వెళ్తే రీలాప్స్ కాదన్నారు డాక్టర్ లిన్, ఓవర్‌డూయింగ్ అన్నారు. "నరాలు నీ మేనేజర్ మాట వినవు, వాటి వేగం వాటిది" అని డెనీస్ గట్టిగా కసిరింది. మన పిల్లల్ని ట్యూషన్ల మీద ట్యూషన్లు తిప్పినట్టు ఒంటిని తిప్పకూడదని అప్పుడు తెలిసింది. అలిసిపోక ముందే ఆగడం నేర్చుకోవడానికి నాకు నడవడం నేర్చుకున్నంత కాలం పట్టింది.

ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. నేనూ నడుస్తున్నాను. ఎడమ పాదం ఇంకా కొంచెం వాలుతుంది, బూటులో ఒక బ్రేస్ పెట్టుకుంటాను. సాయంత్రమయ్యేసరికి అరికాళ్ళలో ఫ్రిజ్ శబ్దం లాంటి రొద మొదలవుతుంది. ఆఫీస్ పని ఇంటినుంచే చేస్తున్నాను. కుడి పాదం బాగానే ఉందని తేల్చాక డాక్టర్ డ్రైవింగ్‌కి ఓకే అన్నారు. మా ఆయన మాత్రం ఓకే అనలేదు. నేను మెయిల్ తెచ్చుకోవడానికి వీధి చివరికి వెళ్ళినా కిటికీలోంచి చూస్తుంటారు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపితే మొక్కలకి నీళ్ళు పోస్తున్నట్టు నటిస్తారు, ఇంట్లో మొక్కలే లేవు.

మళ్ళీ ఇటలీ వెళ్తారా అని అందరూ అడుగుతారు. మిగిలిన నాలుగు రోజులూ ఎప్పుడొచ్చినా మీవేనని రోజెట్టా గారు కబురు పెట్టారు. ఎంత మంచి మనిషో! కానీ నాకు వెళ్ళాలని లేదు. నాకు బెంగ ఆ ఇంటి మీద కాదు. చేతిలో వేడి టీ గ్లాసు పట్టుకుని, కిందకి చూడకుండా, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ మెట్లు దిగిన ఒకావిడ మీద. ఆవిడ ఇప్పుడు ఇటలీలో కూడా లేదు. అప్పుడప్పుడు ఆ వీడియో పెట్టుకుని ఆవిణ్ణి చూస్తాను, కాస్త ఏడుస్తాను, తర్వాత లేచి వంట చేసుకుంటాను.

చదువుతున్న మీకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు జబ్బు పేరు ఇంట్లో వదిలేసి వెళ్ళండి. చుట్టం చెప్పినా, నెట్ చెప్పినా, మీకే గట్టిగా అనిపించినా సరే. నిన్న చెయ్యగలిగింది ఇవాళ ఏది చెయ్యలేకపోతున్నారో అది వరసగా చెప్పండి. ఆ వరస రోజురోజుకీ పెరుగుతుంటే మర్నాటిదాకా ఆగకండి.

పోయిన నెల మా వీధిలోనే ఉండే లావణ్య వాళ్ళమ్మ సుశీలమ్మ గారు ఇలాగే అన్నారు. కరీంనగర్ నుంచి కూతురి దగ్గరికి ఆర్నెల్లకి వచ్చారు. "కాళ్ళు తిమ్మిరి పడుతున్నయ్ బిడ్డా. ఊర్లనుంచి గోలీలు తెచ్చుకున్న, బి ట్వెల్వేనట, మా మరిది చెప్పిండు" అన్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మా, నిన్న చేసి ఇవాళ చెయ్యలేనిది ఏమైనా ఉందా?"

"ఏముంటది? నిన్న మెట్లెక్కిన, ఇయ్యాల గూడ ఎక్కిన. తిమ్మిరే గంతే."

హమ్మయ్య అనుకున్నాను, అయినా వదల్లేదు. లావణ్య ఆఫీస్‌లో ఉంది. మా ఆయన మీటింగ్‌లో ఉన్నారు, అడిగితే తనే వస్తానంటారని అడగలేదు. కారు తాళాలు తీసుకుని సుశీలమ్మ గారిని క్లినిక్‌కి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు సుత్తితో కొడితే ఆవిడ మోకాలు ఠపీమని ఎగిరింది. రక్త పరీక్షలో తేలింది ఏమిటంటారా? బి ట్వెల్వే! బావగారికి చెప్తే ఫోన్‌లో పదినిమిషాలు నవ్వారు. నవ్వనివ్వండి, ఈసారి చూసి పెట్టిన పేరు అది.

ఆ రోజు క్లినిక్ దగ్గర పార్కింగ్ దొరక్క కారు దూరంగా పెట్టాల్సి వచ్చింది. దిగాక రోడ్డు వాలుగా ఉంది, కార్లు వస్తూ పోతూ ఉన్నాయి. సుశీలమ్మ గారు నా బ్రేస్ చూడలేదు, నా సంగతి ఆవిడకి తెలియదు. "జర పట్టుకో బిడ్డా, నాకు భయమైతది" అని నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, బరువంతా నా మీద వేసి నడిచారు. ఇన్నాళ్ళూ నన్ను పట్టుకున్నవాళ్ళందరూ నేను పడిపోతానని పట్టుకున్నారు. ఆవిడ తను పడిపోకుండా నన్ను పట్టుకున్నారు. తలుపు దాకా నడిపించాను.